నిద్ర చాలని రోజున ఏకాగ్రతను ఎలా కాపాడుకోవాలి: రాత్రి మేల్కొని పనిచేసేవారికి, దూరప్రయాణాలు చేసేవారికి కొన్ని సూచనలు

రాత్రంతా బస్సు నడిపే డ్రైవరుకు, ఐసీయూలో మానిటర్ల ముందు కూర్చునే నర్సుకు, విద్యుత్ సబ్‌స్టేషన్‌లో మీటర్లు గమనించే ఆపరేటరుకు, మూడు గంటల ప్రవేశ పరీక్ష రాసే విద్యార్థికి కావలసింది ఒకే రకమైన ఏకాగ్రత. పెద్దగా ఏమీ జరగని చోట చాలాసేపు మనసు నిలిపి ఉంచి, ఎప్పుడో ఒకసారి వచ్చే చిన్న మార్పును వచ్చిన వెంటనే పట్టుకోగలగాలి. నిద్ర తగ్గినప్పుడు మన మానసిక శక్తులన్నిటిలోకీ ఎక్కువగా దెబ్బతినేది ఇదే. చిక్కు లెక్కనో, వాదోపవాదాన్నో నిద్రలేకపోయినా కొంతవరకు నెట్టుకురాగలం, ఎందుకంటే పనిలోని కష్టమే మనల్ని కాసేపు మేల్కొలిపి ఉంచుతుంది. ఖాళీ రోడ్డు, మార్పులేని తెర అలాంటి సాయమేమీ చేయవు.

ఈ నష్టం జరుగుతున్న సంగతి జరుగుతున్నవారికి సరిగా తెలియదు. అందుచేత "నాకు బాగానే ఉంది, నడపగలను" అన్న అనుభూతిని ఆధారం చేసుకుని ఎవరూ నిర్ణయం తీసుకోకూడదని, నిద్రపోయిన గంటలను, మెలకువగా ఉన్న గంటలను లెక్కపెట్టి, పని మొదలుకాక ముందే నిర్ణయించుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను. ఆ లెక్క ఎలా వేయాలో, లెక్క కుదరని రోజున ఏం చేయాలో, తప్పనిసరిగా మేల్కొనవలసి వస్తే నష్టాన్ని ఎలా తగ్గించుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను.

లోపల జరిగేది

అమెరికాలో డేవిడ్ డింజెస్, జాన్ పావెల్ అనే పరిశోధకులు 1985లో ఒక చిన్న పరీక్షను ప్రకటించారు. తెరమీద 2 నుంచి 10 సెకన్ల వ్యవధిలో ఎప్పుడైనా ఒక సంకేతం కనిపిస్తుంది, కనిపించగానే మీట నొక్కాలి, 10 నిమిషాల పాటు ఇదే పని. బాగా నిద్రపోయిన మనిషి దాదాపు పావు సెకనులో నొక్కుతాడు. అర సెకను దాటితే దాన్ని ఏమరుపాటు కింద లెక్కిస్తారు. నిద్ర పరిశోధనల్లో ఈనాటికీ ఎక్కువగా వాడుతున్నది ఈ పరీక్షే.

నిద్ర చాలనివారి ఫలితాలు చూస్తే స్పందనలన్నీ సమానంగా నెమ్మదించవు. చాలా స్పందనలు మామూలు వేగానికి దగ్గరగానే వస్తాయి. వాటి మధ్య అక్కడొకటి ఇక్కడొకటి ఒక సెకను, రెండు సెకన్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ ఆలస్యమవుతాయి, సంకేతం లేకుండానే మీట నొక్కడమూ పెరుగుతుంది. వదులైన హోల్డరులోని బల్బు వెలుగు తగ్గకుండానే ఉన్నట్టుండి ఆరి మళ్లీ వెలిగినట్టు, నిద్రలేని ఏకాగ్రత మసకబారకుండానే తెగిపోతూ అతుకుతూ ఉంటుంది. తెగిన క్షణాలు మన జ్ఞాపకంలోకి ఎక్కవు, అతికిన క్షణాలే గుర్తుంటాయి. పైగా మొదటి రెండు మూడు నిమిషాల్లో ఏమరుపాట్లు తక్కువ, పని సాగుతున్నకొద్దీ అవి పెరుగుతాయి. ఆఫీసులో నాలుగు మాటలు చురుగ్గా మాట్లాడిన మనిషే అరగంట తరువాత స్టీరింగు ముందు కునికిపాట్లు పడడానికి కారణం ఇదే.

దీనికి మూలం రెండు శక్తుల పెనుగులాట. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో ఎడెనోసిన్ అనే రసాయనం పేరుకుంటూ నిద్ర ఒత్తిడిని పెంచుతుంది, శరీరంలోని గడియారం మాత్రం పగటివేళ ఆ ఒత్తిడికి ఎదురు నిలుస్తుంది. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ బోర్బెలీ 1982లో ఈ రెంటినీ కలిపి ఒక నమూనాగా వివరించాడు. రాత్రి 2 నుంచి 6 గంటల మధ్య ఒత్తిడి గరిష్ఠానికి చేరుతుండగా గడియారం ఇచ్చే దన్ను అడుగంటుతుంది, కాబట్టి ఏమరుపాట్లు అప్పుడే ముమ్మరిస్తాయి. మధ్యాహ్నం 2 నుంచి 4 మధ్య ఇంకో చిన్న పల్లం వస్తుంది. భోజనం చేయకపోయినా అది వస్తుందన్నది గుర్తుపెట్టుకోవాలి. మెదడంతా ఒకేసారి నిద్రలోకి జారనక్కరలేదు కూడా. చాలాసేపు మేల్కొలిపి ఉంచిన ఎలుకల మెదడులో కొన్ని నాడీకణాల గుంపులు నిద్రలో మాదిరి క్షణకాలం మూగబోవడాన్ని 2011లో గమనించారు. అప్పుడు ఆ ఎలుకలు కళ్లు తెరిచే ఉన్నాయి, తిరుగుతూనే ఉన్నాయి.

రోజూ కాస్త కాస్త నిద్ర తగ్గించుకునేవారు 2003 నాటి ఒక పరిశోధనను తప్పక తెలుసుకోవాలి. హాన్స్ వాన్ డాంగెన్, డింజెస్ బృందం ఆరోగ్యవంతులైన 48 మందిని తీసుకుని, కొందరికి 8 గంటలు, కొందరికి 6, కొందరికి 4 గంటలు మాత్రమే పడకలో ఉండే అవకాశాన్ని 14 రోజుల పాటు ఇచ్చింది. ఇంకొందరిని వరుసగా మూడు రాత్రులు అసలే నిద్రపోనివ్వలేదు. రెండు వారాలు ముగిసేసరికి 6 గంటలవారి పనితనం కూడా ఒక రాత్రి నిద్ర పూర్తిగా మానినవారి స్థాయికి దిగజారింది, 4 గంటలవారిది రెండు రాత్రులు జాగారం చేసినవారితో సమానమైంది. అంతకంటే ఆలోచింపజేసేది మరొకటుంది. మీకు ఎంత నిద్ర వస్తోందని అడిగినప్పుడు వారు చెప్పిన జవాబులు మొదటి కొద్ది రోజుల తరువాత పెద్దగా మారలేదు. ఏమరుపాట్లు రోజురోజుకూ పెరుగుతూనే పోయాయి, మగతగా ఉందన్న భావన మాత్రం ఒకచోట ఆగిపోయింది. "ఆరు గంటలు నాకు అలవాటైపోయింది" అనేవారి అలవాటు ఎలాంటిదో ఈ ఫలితం చెబుతోంది.

పని మొదలుపెట్టే ముందు వేయవలసిన లెక్క

ఆస్ట్రేలియా పరిశోధకులు డ్రూ డాసన్, కర్స్టీ మెకల్లక్ 2005లో సూచించిన ఒక పద్ధతి ఎవరైనా కాగితం మీద వేసుకోగలిగినంత సులువుగా ఉంటుంది. మూడు అంకెలు రాసుకోవాలి. గడచిన 24 గంటల్లో నిద్రపోయినది కనీసం 5 గంటలు ఉండాలి. గడచిన 48 గంటల్లో నిద్రపోయినది కనీసం 12 గంటలు ఉండాలి. చివరిసారి నిద్రలేచినప్పటి నుంచి పని ముగిసే సమయం వరకు అయ్యే మెలకువ గంటలు, ఆ 48 గంటల నిద్ర మొత్తాన్ని మించకూడదు. మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా అలసట ప్రమాదకర స్థాయిలో ఉందని అర్థం. పడకలో ఫోను చూస్తూ గడిపిన సమయాన్ని నిద్రగా లెక్కపెట్టవద్దు.

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి అమలాపురం వైపు సొంత కారులో బయలుదేరే ఒక ఉద్యోగిని తీసుకుందాం. బుధవారం రాత్రి 12 గంటలకు పడుకుని 6 గంటలకు లేచాడు. గురువారం రాత్రి బ్యాగులు సర్దుకుంటూ 12న్నర చేశాడు, మళ్లీ 6 గంటలకే లేచాడు. శుక్రవారం ఆఫీసు చూసుకుని, ట్రాఫిక్ తగ్గుతుందని రాత్రి 10 గంటలకు కారు తీశాడు. మొదటి అంకె 5న్నర గంటలు, గట్టెక్కింది. రెండో అంకె 11న్నర గంటలు, తప్పింది. మూడోది చూడండి: బయలుదేరేసరికే మెలకువ 16 గంటలు, విజయవాడ దాటి ఏలూరు వైపు తిరిగేసరికి తెల్లవారుజామున 4 అయితే 22 గంటలు. అతని లెక్క ప్రకారం ఆ 11న్నర గంటల గడువు సాయంత్రం 5న్నరకే, ఇంకా ఆఫీసులో ఉండగానే తీరిపోయింది. పంతంగి టోల్‌ప్లాజా దగ్గర పండగ రద్దీలో గంటసేపు ఆగవలసి వస్తే పరిస్థితి ఇంకా విషమిస్తుంది.

ఇదే మనిషి శుక్రవారం రాత్రి 9న్నరకు పడుకుని, తెల్లవారుజామున 4న్నరకు లేచి, 5 గంటలకు బయలుదేరితే 24 గంటల్లో 7, రెండు రాత్రులూ కలిపి 12న్నర గంటల నిద్ర చేతిలో ఉంటుంది, మధ్యాహ్నం 1 గంటకు ఊరు చేరేసరికి మెలకువ 8న్నర గంటలే. నిబంధన ఏదీ తప్పలేదు. ఊరికి ఆరేడు గంటలు ఆలస్యంగా చేరడం తప్ప అతను కోల్పోయింది ఏమీ లేదు. వెనుక సీట్లో పిల్లలు, పక్కన ముసలి తల్లిదండ్రులు ఉన్న కారు విషయంలో ఆ ఆరేడు గంటలను మారుమాట లేకుండా వదులుకోవాలని నా విన్నపం.

రెండు రాత్రులూ 8 గంటల చొప్పున హాయిగా నిద్రపోయి, ఉదయం 6 గంటలకు లేచినవారికి కూడా ఈ లెక్క ప్రకారం రాత్రి 10తోనే గడువు పూర్తవుతుందని గమనించండి. పగలంతా పనిచేసి రాత్రంతా నడపడం ఎంత బాగా నిద్రపోయినవారికైనా సరిపడదు. సాయంత్రం రెండు గంటలు పడుకుంటే అవి నిద్ర ఖాతాలో కలుస్తాయి, కానీ ఆ కునుకు తరువాత మెలకువ గంటలను మళ్లీ సున్నా నుంచి లెక్కపెట్టడం నాకు క్షేమంగా తోచదు.

ఇంకో రకంగా కూడా చూడవచ్చు. డాసన్, కేథరీన్ రీడ్ 1997లో ప్రకటించిన ప్రయోగంలో 17 గంటలు మెలకువగా ఉన్నవారి పనితనం రక్తంలో 0.05 శాతం ఆల్కహాలు ఉన్నవారి పనితనంతో సమానంగా తేలింది. మన మోటారు వాహనాల చట్టం అనుమతించే పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం. ఉదయం 6 గంటలకు లేచి, రాత్రి 11 తరువాత కూడా స్టీరింగు పట్టుకునేవారు ఏ పోలీసు యంత్రానికీ దొరకరు, కానీ ఆ పరిమితిని దాటిన మనిషి స్థితిలోనే ఉంటారు.

ఇంట్లో చేసుకోదగిన పరీక్ష

లెక్క మీద నమ్మకం కుదరనివారు తమ కళ్లతో తాము చూసుకోవచ్చు. ఒక దినపత్రిక, పెన్ను, పక్కన గడియారం చూసే ఒక మనిషి ఉంటే చాలు. చిన్న అక్షరాల్లో ఉన్న పొడవైన వార్తను తీసుకుని, అందులో "ర" అక్షరం ఎక్కడ కనిపించినా, గుణింతంతో ఉన్నా లేకున్నా, దాన్ని కొట్టివేస్తూ 10 నిమిషాలు సాగాలి. నిమిషానికొకసారి పక్కనున్నవారు చెప్పగానే, చేరిన చోట ఒక నిలువు గీత గీయాలి. తరువాత తీరిగ్గా వెనక్కి వచ్చి, ఏ నిమిషంలో ఎన్ని అక్షరాలు తప్పిపోయాయో లెక్కపెట్టుకోవాలి. బాగా నిద్రపోయిన రోజున ఒకసారి, నాలుగైదు గంటలే నిద్రపోయిన రోజున అదే వేళకు మరో వార్తతో ఒకసారి చేసి, రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టండి.

మొత్తం తప్పులను కాక, అవి పడిన చోట్లను చూడాలి. నిద్ర చాలని రోజు కాగితంలో మొదటి రెండు మూడు నిమిషాలు శుభ్రంగా ఉండి, తరువాతి నిమిషాల్లో తప్పులు గుంపులుగా కనిపించవచ్చు. ఒక పంక్తిలో నాలుగు "ర"లు వరుసగా మిగిలిపోయి, తరువాతి పంక్తిలో అన్నీ కొట్టివేసి ఉంటే, కళ్లు ఆ పంక్తి మీదుగా నడిచాయి కానీ మనసు అక్కడ లేదన్నమాట. అదే ఏమరుపాటు, కాగితం మీద దొరికిపోయింది. ఇది వైద్య పరీక్ష కాదు, ఒకరి ఫలితాన్ని మరొకరితో పోల్చడానికీ పనికిరాదు. ఇందులో తప్పులు రాలేదని బండి తీయడమూ సరికాదు, ఎందుకంటే పరీక్ష అన్న ఉత్సాహమే 10 నిమిషాలు మేల్కొలపగలదు, రహదారి మీద ప్రయాణం 10 నిమిషాలతో ముగియదు.

ఆవలింతలు, కళ్ల మంట, గడచిన నాలుగైదు కిలోమీటర్లు గుర్తులేకపోవడం, లేన్ గీతల మీదికి బండి జరగడం, ముందున్న లారీకి తెలియకుండానే దగ్గరవడం వంటివి హెచ్చరికలే, కానీ ఆలస్యంగా వచ్చే హెచ్చరికలు. అవి కనిపించేసరికి ఏమరుపాట్లు మొదలై చాలాసేపు అయి ఉంటుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి సెకనుకు 22 మీటర్లు కదులుతుంది, కాబట్టి నాలుగు సెకన్ల కునుకులో 90 మీటర్ల దూరం ఎవరూ నడపకుండానే గడిచిపోతుంది. తాగిన డ్రైవరు ఆలస్యంగానైనా బ్రేకు వేస్తాడేమో, కునుకులో ఉన్నవాడు అసలు వేయడు.

మేల్కొనక తప్పని రాత్రికి ముందే సిద్ధం కావడం

నైట్ డ్యూటీ వారం రాబోతోందని ముందే తెలిస్తే, ఆ ముందు వారంలో రోజూ గంట, గంటన్నర ఎక్కువ పడుకోండి. ఒక వారం పాటు రాత్రికి 10 గంటలు పడకలో గడిపినవారు, ఆ తరువాత నిద్ర తగ్గించినప్పుడు మామూలుగా పడుకున్నవారి కంటే తక్కువ ఏమరుపాట్లతో నెట్టుకురాగలిగారని 2009లో ట్రేసీ రప్, ఆమె సహచరులు చూపించారు. డ్యూటీ రోజున మధ్యాహ్నం గంటన్నర నుంచి రెండు గంటలు పడుకోవడం అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చే పని. ఆ నిద్రకు ఇంటిల్లిపాదీ సహకరించాలి. మిక్సీ, టీవీ, కాలింగ్ బెల్లు, మధ్యాహ్నం ఫోన్లు, "పగటి నిద్ర ఏమిటి" అన్న మాటలు ఆగాలి. రాత్రి వార్డులో పదిమంది రోగుల బాధ్యత మోయబోయే మనిషి పగటి నిద్రను సోమరితనంగా చూడడం అన్యాయం, ముఖ్యంగా ఆ మనిషి ఇంటి కోడలైనప్పుడు ఇది ఎక్కువగా జరుగుతోంది.

రాత్రి ఒంటిగంట తరువాత కడుపునిండా భోజనం పెట్టుకోవద్దు. కొంచెం ఇడ్లీయో పెరుగన్నమో సరిపోతుంది. జలుబు, అలర్జీలకు వేసుకునే సెట్రిజిన్, క్లోర్‌ఫెనిరమిన్ వంటి మాత్రలు మగతను పెంచుతాయి కాబట్టి డ్యూటీ ముందు గానీ డ్రైవింగ్ ముందు గానీ డాక్టరును అడగకుండా వేసుకోవద్దు.

ఆ రాత్రి చేయవలసినవి

కిటికీ దించి చల్లగాలి పీల్చడం, పాటల శబ్దం పెంచడం, మొహం కడుక్కోవడం, చూయింగ్ గమ్ నమలడం మన రోడ్ల మీద అందరూ నమ్మే ఉపాయాలు. బ్రిటన్‌లో లూయిస్ రేనర్, జిమ్ హార్న్ డ్రైవింగ్ సిమ్యులేటర్ మీద చల్లగాలిని, రేడియోను పరీక్షించి, వాటి ప్రభావం స్వల్పమేనని, ఆ కాస్తా ఎక్కువసేపు నిలవదని 1998లో తేల్చారు. అవి మనల్ని మేల్కొలపకపోగా, మేల్కొన్నామన్న ధైర్యాన్నిస్తాయి, నాకు అదే ఎక్కువ భయం. నిజంగా పనిచేసేవి రెండే: కునుకు, కెఫీన్. అంతకు ముందు సంవత్సరం అదే పరిశోధకులు ఈ రెంటినీ కలిపి చూసి మంచి ఫలితం రాబట్టారు.

పద్ధతి ఇది. బండిని పెట్రోలు బంకులో గానీ దీపాలున్న ధాబా ఆవరణలో గానీ ఆపండి, రహదారి వారన ఎంతమాత్రం ఆపవద్దు. ఒక గట్టి కాఫీ తాగండి. కెఫీన్ పూర్తిగా పనిచేయడానికి సుమారు అరగంట పడుతుంది, కాబట్టి తాగిన వెంటనే సీటు వెనక్కి వాల్చి, 20 నిమిషాలకు అలారం పెట్టుకుని కళ్లు మూసుకోండి. గాఢనిద్ర పట్టకపోయినా ఫరవాలేదు, తూగినా చాలు. ఇంజను, ఏసీ ఆన్‌లో ఉంచి అద్దాలన్నీ బిగించి పడుకోవద్దు, కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరితే ప్రాణాలకే ముప్పు. లేచాక దిగి నాలుగడుగులు నడిచి, కనీసం 15 నిమిషాలు ఆగి అప్పుడు బయలుదేరండి. దీనితో గంట, గంటన్నర చురుకుదనం వస్తుంది, తెల్లవార్లూ రాదు. రెండోసారి కూడా కళ్లు బరువెక్కితే అక్కడితో ప్రయాణం ఆపి పడుకోవడం తప్ప వేరే మార్గం లేదు. విజయవాడలో ఒక రాత్రి గదికయ్యే ఖర్చును దండగ అనుకోవద్దు.

లేచాక ఆగమని ఎందుకంటున్నానంటే, నిద్ర నుంచి లేచిన మొదటి 15 నుంచి 30 నిమిషాల నిద్రమత్తు ఒక్కోసారి నిద్రలేమి కంటే ప్రమాదకరం. 2010 మే 22న దుబాయి నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం మంగళూరులో రన్‌వే దాటి పడిపోయి 158 మంది చనిపోయారు. ప్రయాణంలో చాలాసేపు కెప్టెన్ నిద్రలో ఉన్నట్టు కాక్‌పిట్ రికార్డరు ద్వారా తెలిసింది, నిద్ర నుంచి లేచిన మత్తు ఆయన నిర్ణయశక్తిని దెబ్బతీసి ఉండవచ్చని విచారణ సంఘం పేర్కొంది. ఎప్పుడు, ఎంతసేపు, ఎవరి కాపలాలో అన్నది ముందే తేల్చుకుని వేసిన కునుకు వేరు. సుదూర విమానాల పైలట్లకు 40 నిమిషాల విరామాన్ని ఇలా ముందుగా కేటాయించి నాసా పరిశీలించినప్పుడు, వారు సగటున 26 నిమిషాలు నిద్రపోయారు, విరామం లేనివారితో పోలిస్తే విమానం దిగే సమయానికి చురుగ్గా ఉన్నారు. నర్సులు, వార్డు సిబ్బంది కూడా రాత్రి 2 గంటలకు ముందే వంతులవారీగా 20 నిమిషాల కునుకు వేయగలిగితే మంచిది. దీన్ని దొంగచాటు పనిగా ఉంచకుండా, ఇన్‌చార్జి అనుమతితో డ్యూటీ పట్టికలోనే రాయించుకోవాలి.

కెఫీన్ విషయంలో ఒక హెచ్చరిక ఉంది. అది ఎడెనోసిన్ పనిని అడ్డుకుంటుంది తప్ప నిద్ర బాకీని తీర్చదు. రాత్రికి 5 గంటల నిద్రతో నెట్టుకొస్తున్నవారికి ఉదయం, మధ్యాహ్నం 200 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చిన కెఫీన్, మూడు రోజుల తరువాత ఏకాగ్రతను కాపాడలేకపోయిందని 2017లో అమెరికా సైనిక పరిశోధకులు కనుగొన్నారు. దాని ప్రభావం సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది కాబట్టి ఉదయం 8 గంటలకు ఇంటికెళ్లి పడుకోవలసినవారు రాత్రి 2 దాటాక తాగకపోవడమే నయం.

మన రైలింజన్లలో ఒక పరికరం ఉంటుంది. లోకో పైలట్ నిమిషం పాటు ఏ మీటనూ కదిలించకపోతే ముందు దీపం వెలుగుతుంది, తరువాత శబ్దం వస్తుంది, అప్పటికీ స్పందించకపోతే బ్రేకులు వాటంతటవే పడతాయి. మనిషి అప్రమత్తత తెగిపోతుందన్న సంగతిని ముందే ఒప్పుకుని చేసిన ఏర్పాటు అది. అలాంటి ఏర్పాటును మన పనిలో మనమే చేసుకోవాలి. కారులో ముందు సీట్లో కూర్చున్నవారు నిద్రపోకుండా, మాట్లాడుతూ, డ్రైవరు జవాబుల ఆలస్యాన్ని గమనిస్తూ ఉండాలి. రెండు గంటలకొకసారి, ఎలా అనిపిస్తోందన్న ప్రశ్న లేకుండా, గడియారం చూసి ఆపాలి. వార్డులో ఇన్సులిన్, హెపారిన్ వంటి మందుల మోతాదులను తెల్లవారుజామున ఇద్దరు చూడాలి. ఒకరు పైకి చదవాలి, రెండోవారు చార్టులో వేలుపెట్టి పోల్చాలి. వాయిదా వేయదగిన రికార్డుల పనిని 3 నుంచి 5 మధ్య పెట్టుకోకూడదు, ఆ రెండు గంటల్లో నిలబడి, నడిచి చేసే పనులుంటే వాటిని ఉంచుకోవాలి. బోస్టన్‌లోని ఒక బోధనాసుపత్రి ఐసీయూల్లో 2004లో జరిగిన పరిశోధనలో, 24 గంటలు దాటే డ్యూటీలు చేసిన ఇంటర్న్‌లు ఆ డ్యూటీలను తగ్గించినప్పటి కంటే 36 శాతం ఎక్కువ తీవ్రమైన పొరపాట్లు చేశారు. వాళ్లు అజాగ్రత్తపరులు కారు, వాళ్లకు నిద్ర లేదు.

పరీక్షలకు చదివేవారి సంగతి

13 నుంచి 18 ఏళ్లవారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2016లో సిఫారసు చేసింది. తెల్లవారుజామున లేపి రాత్రి పొద్దుపోయేదాకా స్టడీ అవర్లు నడిపే మన రెసిడెన్షియల్ ఇంటర్మీడియట్ కళాశాలల్లో ఇందులో ఎంత దక్కుతోందో తల్లిదండ్రులు పిల్లలనే అడిగి తెలుసుకోవాలి. ఎంసెట్‌గా మనందరికీ అలవాటైన నేటి ఈఏపీసెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు వస్తాయి. "కింది వాటిలో సరైనది కానిది ఏది" అన్న ప్రశ్నలో ఆ "కానిది" మీదుగా చూపు జారిపోతే, విషయం క్షుణ్ణంగా తెలిసిన విద్యార్థి కూడా మార్కు పోగొట్టుకుంటాడు. దాన్ని మనం "సిల్లీ మిస్టేక్" అని పిల్లల్ని మందలిస్తాం. మాక్ టెస్టు జవాబుపత్రాన్ని తీసుకుని, తెలిసీ తప్పిన ప్రశ్నలు ఏ గంటలో పడ్డాయో, ముందు రెండు రాత్రులు ఎన్ని గంటలు నిద్రపోయారో పక్కన రాసి చూడండి. చివరి గంటలో గుంపులుగా పడితే ఇంకో రెండు గంటల చదువు కంటే ఇంకో రెండు గంటల నిద్రే ఎక్కువ మార్కులు తెస్తుంది. పరీక్షకు కనీసం రెండు వారాల ముందు నుంచే నిద్రవేళలను సరిచేయాలి, ఎందుకంటే చివరి ఒక్క రాత్రి త్వరగా పడుకోబెడితే పాత బాకీ తీరదు.

బాకీ తీర్చుకోవడం

నైట్ డ్యూటీ దిగినవారు ఆ అలసటతో సొంతంగా బండి నడుపుకుంటూ ఇంటికి వెళ్లకపోవడం మంచిది, బస్సో మెట్రోనో ఎక్కండి, లేదా ఇంట్లోవారిని రమ్మనండి. అమెరికా ఇంటర్న్‌ల మీద 2005లో వచ్చిన పరిశోధనలో, సుదీర్ఘ డ్యూటీ తరువాత ఇంటికి వెళ్లేటప్పుడు వాహన ప్రమాదం జరిగే అవకాశం రెట్టింపు దాటింది. ఇంటికి చేరాక కిటికీలకు మందపాటి తెరలు వేసి, ఫోను మరో గదిలో పెట్టి పడుకోవాలి. ఒక విడతలో ఐదు గంటలే పడితే, సాయంత్రం డ్యూటీకి ముందు మరో గంటన్నర కలుపుకోవాలి.

ఆదివారం ఒక్కరోజు మధ్యాహ్నం దాకా పడుకుంటే సరిపోతుందనుకోవద్దు. ఒక వారం పాటు నిద్ర తగ్గించినవారికి ఆ తరువాత మూడు రాత్రులు 8 గంటల చొప్పున అవకాశమిచ్చినా, వారి స్పందన వేగం మొదటి స్థాయికి పూర్తిగా చేరలేదని గ్రెగరీ బెలెంకీ బృందం 2003లో చూపింది. కాబట్టి నైట్ డ్యూటీ వారం ముగిసిన మరునాడే దూరప్రయాణం పెట్టుకోవద్దు.

రాత్రికి ఏడెనిమిది గంటలు పడుకుంటున్నా పగలు కునికిపాట్లు వస్తుంటే సమస్య గంటల్లో లేదు, నిద్ర నాణ్యతలో ఉంది. పెద్దగా గురక, నిద్రలో శ్వాస ఆగి ఉలిక్కిపడి లేవడం, ఉదయంపూట తలనొప్పి, అదుపులోకి రాని బీపీ ఉంటే స్లీప్ ఆప్నియా కావచ్చు. పల్మనాలజీ లేదా ఈఎన్‌టీ డాక్టరును కలిసి స్లీప్ స్టడీ గురించి అడగండి. వెళ్లేటప్పుడు రెండు వారాల పాటు పడుకున్న, లేచిన వేళలు, వేసుకుంటున్న మందులు, బండి నడుపుతూ కునికిన సందర్భాలు ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. భార్యనో భర్తనో వెంట తీసుకెళ్లండి, గురక సంగతి, శ్వాస ఆగిన సంగతి చెప్పగలిగేది వారే. మీ ఉద్యోగం డ్రైవింగే అయితే ఆ విషయాన్ని డాక్టరుకు మొదటి మాటగా చెప్పండి.